గడ్డం పెరగని హీరో

2006వ సంవత్సరం. నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో నా కటింగ్ షాపు. అప్పుడు రెండు కుర్చీలు, ఒక పొడుగు అద్దం, ఒక బెంచీ ఉండేవి. రెండో కుర్చీ వెనక్కి వంగడం మానేసింది కాబట్టి దాంట్లో కూడా వంతు కోసం ఆగినవాళ్లే కూర్చునేవాళ్లు. బయట బోర్డు మీద పెయింటరు పెద్ద అక్షరాలతో 'క్షౌరశాల' అని రాశాడు. ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఖేడ్‌లో అందరికీ అది సాయిలు షాపే.

నేను ఐదో తరగతి దాకా చదివాను. అది కూడా కిందా మీదా పడి. కుర్చీ పక్కన నిలబడి మాట్లాడమంటే పొద్దంతా మాట్లాడతాను. కాగితం ముందు కూర్చుంటే మొదటి మాట ఎక్కడ పెట్టాలో తెలియదు. నా సంగతి నేను రాయడం ఇదే మొదలు. మా పని ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని ఉన్నవాళ్ల కోసం ఒక గిరాకీ గురించి రాస్తున్నాను. మా దగ్గర కస్టమరును గిరాకీ అంటాం. తప్పులుంటే మీరే సర్దుకొని చదవండి.

ముందుగా షేవింగ్ గురించి ఒక మాట చెప్పాలి. షేవింగ్ రెండుసార్లు చేస్తాం. వెంట్రుక పెరిగిన వైపే కత్తి లాగితే అది సీదా. మళ్లీ నురుగు పెట్టి ఎదురు లాగితే ఉల్టా. గొంతు దగ్గర ఉల్టా చేసేటప్పుడు మనిషి గుటక మింగితే అక్కడి ముడి పైకి లేస్తుంది. ఆ క్షణంలో కత్తి ఎత్తకపోతే తెగుతుంది. అందుకే నా కళ్లు బజారు వైపు ఉన్నా, ఎడమ చేతి వేళ్లు మాత్రం గిరాకీ గొంతు మీదే ఉంటాయి. గుటక రాబోతుంటే వేళ్లకు ముందే తెలుస్తుంది. ఇది మా నాయన నేర్పింది. ఈ కథంతా ఆ గుటక దగ్గరే మొదలైంది.

మాణిక్‌రావు సార్ కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి బిల్లు రాసిచ్చే పని. రిటైర్ అయ్యే నాటికే ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. చాయ్ తాగుతుంటే సాసరు గలగలమనేది. ఇంట్లో గడ్డం గీసుకోబోయి బుగ్గ కోసుకున్నాక నా దగ్గరికి రావడం అలవాటు చేసుకున్నారు. ఎక్కువ మాట్లాడరు. కుర్చీ వెనక్కి వంచగానే కళ్లు మూసుకుంటారు.

ఒకరోజు చేతిసంచిలోంచి ఒక పుస్తకం తీసి అద్దం ముందు పెట్టారు.

"తెలిసినోళ్లు ఇచ్చిండ్రు సాయిలూ. నేను చదివిన. బెంచీ మీద పెట్టు, కూసున్నోళ్లు చదువుకుంటరు."

అట్ట మీద బోరు బండి, దాని కింద భూమి లోపల మెరుస్తున్న ఓడ బొమ్మ. పేరు 'ఆరువందల ఫీట్ల కింద'. దాని కింద చిన్నగా 'మొదటి భాగం'. రాసినవాళ్ల పేరు మంజీర. మంజీర మా వైపు పారే నది, ఆడపిల్లలకు కూడా ఆ పేరు పెడతారు.

కథ ఇదీ. వీరప్ప అనే రైతు ఎండిపోయిన చేనులో బోరు వేయిస్తాడు. ఆరువందల ఫీట్ల దగ్గర ఇనుము తగిలి తవ్వే బిట్టు ఆగిపోతుంది. అది ఎప్పుడో చుక్కల లోకం నుంచి వచ్చి భూమిలో దిగబడిన ఓడ. బోరు బండి మీద పనిచేసే సోమన్న తాడు కట్టుకొని దిగుతాడు. ఓడ తలుపు మూసుకుంటుంది. ఇగ లోపల కొత్త లోకాలు, మెరిసే మనుషులు, యుద్ధాలు. పైన సోమన్న భార్య మల్లమ్మ తాడు పట్టుకొని నిలబడి ఉంటుంది. సోమన్న మళ్లీ ఆ తాడు కొస చూసేసరికి మొదటి భాగం అయిపోతుంది.

వారం తిరగకముందే పుస్తకం అట్ట నలిగింది. వచ్చిన ప్రతివాడికీ ఒక మాట ఉంది. డిగ్రీ చదివే పిల్లలకు యుద్ధాలు నచ్చాయి, ఇంకా రెండు మూడు ఉంటే బాగుండు అన్నారు. చాంద్ పాషాకు మాత్రం కోపం వచ్చింది. ఆయన నిజంగానే బోరు బండి మీద పనిచేస్తాడు. తెలుగు మనకంటే మంచిగా మాట్లాడతాడు కానీ చదవడం రాదు. కల్హేర్ నుంచి వచ్చే రాంచందర్ పటేల్ పైకి చదువుతుంటే విన్నాడు. నేను అప్పుడు మాణిక్‌రావు సార్‌కు ఉల్టా చేస్తున్నాను.

"ఆగు పటేలా, ఆగు," అన్నాడు చాంద్ పాషా. "బోరు ఎన్ని ఇంచులని రాసిండు?"

"గది రాయలే."

"ఆరున్నర ఇంచులే ఉంటది. దాంట్ల నీ భుజాలు పడ్తయా? నా భుజాలు పడ్తయా? మరి గీ సోమన్న ఎట్ల దిగిండు?"

"కథ గదా చాంద్ భాయ్," అన్నాను నేను.

"కథ అయితే? చుక్కలకెళ్లి ఓడ వచ్చిందన్నరు, ఒప్పుకున్న. మెరిసే మనుషులన్నరు, గది సుత ఒప్పుకున్న. ఆరున్నర ఇంచుల బోర్ల మనిషి దిగిండంటే ఎట్ల ఒప్పుకుంట?"

పటేల్ పుస్తకం అట్ట తిప్పి చూశాడు. "రాసింది ఆడామె గదా భాయ్, మంజీర అట. ఆడామెకు బోరు సంగతి ఏం ఎరుక?"

నా వేళ్ల కింద సార్ గొంతు ఎగిరింది. కత్తి ఎత్తాను. గుటక అందరికీ వస్తుంది కదా అనుకున్నాను.

తరువాత మళ్లీ సార్ కుర్చీలో ఉన్నప్పుడే పటేల్ వచ్చి తన మాట చెప్పాడు. "నేను పుస్తకమంత ఒక్కటే చూసుకుంట చదివిన, నీళ్లు పడ్డయా లేదా అని. బంగారు దీపాలట, ఎగిరే కుర్చీలట. బోరు ఏపిచ్చిన వీరప్ప ఏమైండు? మొదటి పేజీల ఉన్నడు, మళ్ల ఏడ లేడు. వాని చేను ఎండిందా పండిందా? రాసినోళ్లకు ఫికరే లేదు."

మళ్లీ సార్ గొంతు ఎగిరింది. మళ్లీ కత్తి ఎత్తాను. ఇంకోరోజు ఒక డిగ్రీ పిల్లవాడు "పుస్తకం మాత్రం సూపరుంది" అన్నప్పుడు కూడా అంతే. అప్పుడు నేను అద్దంలోకి చూశాను. సార్ కళ్లు తెరిచి ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. నురుగు కింద పెదవులు మెల్లగా కదిలాయి. చెప్పకు అన్నట్టు.

బెంచీ ఖాళీ అయ్యాక అడిగాను. "రాసింది మీరేనని ఎందుకు సార్ దాచుకుంటరు?"

"చెప్తే సగం మంది మొకం మీద మంచిగుందంటరు. సగం మంది మీటర్లు చూసెటోడు కథలు రాసుడేందని నవ్వుతరు. రెండూ నాకు పనికి రావు."

తువాలుతో మెడ తుడుస్తుంటే తన చెయ్యి తనే చూసుకున్నారు. "రెండో భాగం తలకాయల ఉంది సాయిలూ. మొదటిది రాసినప్పటి చెయ్యి కాదు గిది. ఒక్క పేజీ రాస్తే పొద్దుగూకేదాక అన్నం కలుపుకోను రాదు. ఎవరికన్న నిజంగ కావాల్నంటే కష్టపడి రాస్త. ఎవరికీ వద్దంటే దీన్ని పరేషాన్ చెయ్య. గది తెల్సుకుందామనే పుస్తకం నీ దగ్గర పెట్టిన."

ఆ రోజు నుంచి షేవింగ్ నాకు కష్టమైంది. బెంచీ మీద ఎవడో ఏదో అంటాడు, ఈయన రాయడం మానేస్తారేమో అని భయం. అందుకని ఒక ఉపాయం చేశాను. ఎవరన్నా పుస్తకాన్ని తప్పు పట్టబోతే వేడి తువాలు తెచ్చి సార్ ముఖం మీద, చెవుల మీదుగా కప్పేవాడిని. మెచ్చుకునే మాట వస్తుందనుకుంటే తువాలు తీసేవాడిని. అన్నిసార్లు కుదరలేదు. చాంద్ పాషా మాట తువాలు దాటి కూడా వినిపిస్తుంది.

వారం వారం సంత జరిగే అంగడి రోజుల్లో సిర్గాపూర్ నుంచి సునీత అనే ఆమె చిన్న కొడుకును కటింగ్‌కు తీసుకొచ్చేది. భర్త హైదరాబాదులో బిల్డింగు పనికి పోయాడు, పండుగకో పబ్బానికో వస్తాడు. మగవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చోకుండా గడప దగ్గర స్టూలు మీద కూర్చునేది. ఆ రోజు పుస్తకం పట్టుకుంది. కొడుకు కటింగ్ అయిపోయినా తల ఎత్తలేదు.

"అన్నా, ఇంటికి తీస్కపోత. మళ్ల అంగడికి తెచ్చిస్త," అంది.

అప్పటి దాకా పుస్తకాన్ని ఇంటికి అడిగినవాళ్లు లేరు. పాత పేపరులో చుట్టి ఇచ్చాను.

మళ్లీ అంగడి రోజున వచ్చింది. సార్ కుర్చీలో ఉన్నారు, ముఖమంతా నురుగు. పటేల్, చాంద్ పాషా బెంచీ మీద ఉన్నారు.

"రాసింది ఆడామె కాదన్నా," అంది సునీత పుస్తకం నా చేతికి ఇస్తూ.

పటేల్ నవ్వాడు. "అట్ట మీద పేరుంటే కాదంటదేంది గీ పిల్ల."

"పేరు ఏమన్న ఉండనీ పటేలా. మల్లమ్మ నెలలకు నెలలు తాడు పట్టుకొని ఆడనే నిలవడ్డదని రాసిండు. తిండి లేదట, నిద్ర లేదట, ఒకటే కన్నీళ్లట. ఆడామె అయితే గట్ల రాయదు. మల్లమ్మకు గొడ్లు లేవా? బిడ్డకు జడ ఎయ్యదా?"

ఆమె గొంతు పెరుగుతుంటే నాకు భయమైంది. తువాలు కోసం చెయ్యి చాపాను. అప్పుడు తెల్లగుడ్డ కిందినుంచి సార్ చెయ్యి, ఆ వణికే చెయ్యే, బయటికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. వదలలేదు.

"ఏం జేస్తది మరి?" అన్నాడు చాంద్ పాషా.

"తాడు గుంజకు కట్టి ఇంటికి పోతది. పని చూసుకొని మళ్లొస్తది. ఒకపారి తాడు గుంజి చూస్తది. మళ్ల పోతది. నిలవడుడు ఏం కష్టం? పోవుడు వచ్చుడే కష్టం."

పటేల్ చాంద్ పాషా వైపు తిరిగి అన్నాడు. "పెనిమిటి పట్నంల ఉన్నడు గదా, గందుకే గీమెకు గట్ల అనిపిస్తుంది."

"మా ఇంటి సంగతి నేను అడుగుతలేను. సోమన్న సంగతి అడుగుతున్న." నా వైపు తిరిగింది. "రెండో భాగం ఏడ దొరుకుతదన్నా? ఆయన పైకి వస్తడా రాడా?"

నా చేతిలో కత్తి కూడా లేదు. అయినా నాకు కనబడింది. నురుగు కింద గొంతు ముడి మెల్లగా పైకి పోయి, చాలాసేపటికి కిందికి దిగింది.

"కనుక్కొని చెప్త చెల్లె," అన్నాను.

అందరూ పోయాక సార్ అద్దంలో నన్ను చూస్తూ అన్నారు. "చెవులెందుకు మూస్తున్నవ్ నువ్వు? తిట్టేకాడనే నాకు పని ఉంది. ఆమె మాట నేను పదేండ్లు కూసున్నా నా తలకాయలకు రాదు."

"మీరు మానేస్తరేమోనని సార్."

"మానేస్తనో లేదో గానీ, అందరిది విన్న. నీదేంది?"

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మెడ మీద కత్తి పెట్టే మనిషి అభిప్రాయాలు చెప్పకూడదు. ఎలక్షన్లయినా, ఊరి గొడవైనా, అందరికీ అవునవును అనాలి. పుస్తకం నేను చదువుతున్నానని సార్‌కు ఎట్లా తెలిసిందో. పొద్దున షట్టరు తీయకముందు అక్షరం కింద వేలు పెట్టుకుంటూ రోజూ కొంత చదివేవాడిని.

"మంచిగుంది సార్," అన్నాను.

"గది గిరాకీలకు చెప్పే మాట. నాకు చెప్పు."

చాలాసేపు కత్తి తుడిచాను. "గడ్డం సార్."

"ఏ గడ్డం?"

"సోమన్న దీపావళికి కిందికి దిగిండు. ఉగాది దాటినంక ఓడ అద్దంల మొకం చూసుకుంటే నున్నగ ఉన్నదని రాసిండ్రు. అన్ని నెలలు గడ్డం ఎట్ల పెరగలే? కింద మంగలోడు ఉన్నడని ఏడ రాయలే."

సార్ నవ్వారు. అంత నవ్వు ఆయనలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. మిగిలిన నురుగు అద్దం మీద చిమ్మింది. పక్కన చాయ్ హోటలు ఆయన తొంగి చూసి పోయాడు. కళ్లు తుడుచుకొని సార్ తన చెయ్యి వైపు చూశారు, నవ్వు ఆగిపోయింది.

"రాయాలె. ఎట్ల రాయాలె?"

"మీరు చెప్పుండ్రి, నేను రాస్త," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. సార్ తల తిప్పి గోడ మీద నేను రాసిన రేట్ల బోర్డు చూశారు. అందులో షేవింగ్ మాటకు సున్న పెట్టలేదు, 'షేవిగ్' అని ఉంది. చూసి, సరే అన్నట్టు తల ఊపారు.

మంగళవారం మాకు సెలవు. ఆ రోజు ఎవరూ కటింగ్ చేయించుకోరు. మంగళవారం మంగళవారం షట్టరు సగం దించి లోపల కూర్చునేవాళ్లం. సార్‌కు కుర్చీ వెనక్కి వంచితేనే కథ వచ్చేది. తెల్లగుడ్డ కూడా కప్పమనేవారు. నేను బెంచీ మీద, ఒళ్లో అట్ట పెట్టుకొని రాసేవాడిని. ఆయన ఒక మాట చెప్తే నేను రాసేదాకా ఆగేవారు. మొదట్లో ఒక పేజీకి పొద్దంతా పట్టేది.

"అంతరిక్షం," అన్నారు ఒకసారి.

నేను అంతరిచ్చం అని రాసి చూపించాను.

"క్ష రాయి."

"గది నాకు రాదు సార్. బళ్లె గక్కడి దాకా పోలే."

"బయటికి పోయి నీ బోర్డు చూడు."

షట్టరు కిందినుంచి వంగి బయటికి పోయి తల ఎత్తి చూశాను. మా పెయింటరు రాసిన మొదటి అక్షరమే అది. ఇన్నేళ్లు ఆ బోర్డు కింద నుంచే లోపలికీ బయటికీ తిరిగాను. లోపలికి వచ్చి రాశాను.

"క్షౌరశాలల క్ష, అంతరిక్షంల క్ష, రెండూ ఒక్కటే," అన్నారు సార్ కళ్లు మూసుకొనే. "ఇగ రాయి."

మిగతా రోజుల్లో నాకు ఇంకో పని ఉండేది. సార్‌కు ఎక్కడన్నా అనుమానం వస్తే నేను గిరాకీలను కదిపేవాడిని. చాంద్ పాషాకు కటింగ్ చేస్తూ, మనిషి దిగాలంటే ఏం చెయ్యాలె భాయ్ అని అడిగాను. ఆయన చాలా ఆలోచించాడు. కటింగ్ అయిపోయినా లేవలేదు.

"పక్కపొంటి పాత బావి ఉన్నదనుకో. ఎండింది. దాంట్ల దిగి, అడుగుకెళ్లి వెడల్పుగ తవ్వుకుంట పోతే ఓడ దాక పోవచ్చు. గట్లయితే ఒప్పుకుంట."

మంగళవారం ఆ మాట సార్‌కు చెప్పాను. రెండో భాగంలో సోమన్న బోరు నుంచి కాకుండా పాత బావి నుంచి పైకి వచ్చాడు.

చివరి పేజీలు చెప్పిన రోజు వాన పడుతోంది. సోమన్న బావి ఒడ్డు మీద పడి ఉన్నాడు. గడ్డం గుండెల దాకా ఉంది. ఊరివాళ్లు ఎవరో సన్యాసి అనుకున్నారు. మల్లమ్మ గొడ్లకు నీళ్లు పెట్టడానికి ఇంటికి పోయింది. అప్పుడు ఆ దారిన పోయే ఒక మంగలి ఆయన్ను రాయి మీద కూర్చోబెట్టి గడ్డం తీయడం మొదలుపెట్టాడు. ఒక పక్క అయింది. తాడు గుంజి చూడటానికి మల్లమ్మ తిరిగి వచ్చింది. తాడు వదులుగా ఉంది. రాయి మీద మనిషిని చూసింది. సగం ముఖమే బయటపడింది.

సార్ ఆగారు. నేను పెన్ను పట్టుకొని చూస్తున్నాను.

"ఏమంటది సార్ ఆమె?"

"రాయి. 'ఇంకో పక్క సుత తియ్యి, చూస్త' అంటది."

నేను రాయలేకపోయాను. కాసేపు వాన చూశాను. తరువాత రాశాను. ఆ వెనకే ఓడ పైకి ఎగిరిపోతుంది, అది లేచిన గుంతలో నీళ్లు ఊరుతాయి, వీరప్ప చేను తడుస్తుంది. పటేల్ కోసం.

2009లో రెండో భాగం అచ్చయింది. నా తప్పులన్నీ ప్రెస్సువాళ్లు దిద్దారు. మళ్లీ బెంచీ మీద పెట్టాం, మళ్లీ మంజీర పేరే. పటేల్ పైకి చదువుతుంటే విన్న చాంద్ పాషా, బావి దగ్గరికి రాగానే "ఇగ సరిపోయింది" అని తొడ మీద కొట్టుకున్నాడు. పటేల్ "నీళ్లు పడ్డయి, మంచిదే. కాని మొదటి దాంట్ల ఉన్న మజా దీంట్ల లేదు" అన్నాడు. ఒక డిగ్రీ పిల్లవాడు సార్ పక్క కుర్చీలోనే కూర్చొని ఆఖరు పేజీలు తిప్పుతూ అన్నాడు, "అంత మంచి యుద్ధం ఇడిసిపెట్టి, గడ్డం గీసుడు గిన్ని పేజీలు ఎందుకు?"

ఈసారి గుటక మింగింది నేను. కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. అద్దంలో చూస్తే నురుగు మధ్య సార్ కళ్లు నవ్వుతున్నాయి.

సునీత అంగడికి వచ్చినప్పుడు ముందు ఆఖరు పేజీయే తీసింది. గడపలో నిలబడే చదివింది. కొడుకు కొంగు పట్టి గుంజుతున్నాడు.

"ఇంటికి పోయింది," అంది. ఇంకో రెండు లైన్లు చదివి, "పోయి వచ్చింది," అంది. పుస్తకం మూసి నాతో అన్నది, "రాసినోళ్లు ఎన్నడన్న కలిస్తే చెప్పన్నా. మల్లమ్మ మంచిగైందని."

"చెప్త చెల్లె," అన్నాను. చెప్పాల్సిన మనిషి గొంతు నా వేళ్ల కిందే ఉంది. అప్పటికే కత్తి ఎత్తి పట్టుకున్నాను.

ఆ తరువాత సార్ షాపుకు రావడం తగ్గింది. వణుకు కాళ్లకు వచ్చింది, మాట కూడా సన్నబడింది. ఇప్పుడు మంగళవారం నేనే సంచి సర్దుకొని వాళ్లింటికి పోతాను. మాకు సెలవు రోజు కత్తి పట్టకూడదంటారు. ఆయన ఒక్కరికి మాత్రం పడతాను. రెండో భాగం నేను రాసిందే కాబట్టి సగం నోటికి వస్తుంది. షేవింగ్ చేస్తూ చెప్తుంటాను. ఎక్కడన్నా తప్పు పోతే కనుబొమ్మ ఎత్తుతారు, మళ్లీ సరిగ్గా చెప్తాను.

గుటక వస్తే కత్తి ఎత్తాలని మా నాయన చెప్పాడు, తెగకుండా. ఆ గుటక ఏ మాటకు వచ్చిందో కూడా వినాలని నేను సార్ దగ్గర నేర్చుకున్నాను. మెచ్చుకున్నా వస్తుంది, తప్పు పట్టినా వస్తుంది. రెండింటికీ ఆగాల్సిందే, చెవులు మూయకూడదు.

బుగ్గ ఒక పక్క అయ్యాక ప్రతిసారీ అడుగుతాను, "ఏమన్నది సార్ మల్లమ్మ?" ఆయన నోరు కదలదు. వేళ్ల కింద గొంతు మెల్లగా పైకి లేస్తుంది. కత్తి ఎత్తి, అది దిగేదాకా ఆగి, ఇంకో పక్క మొదలుపెడతాను.